డ్రెస్సింగ్ రూం మాట

వెనక గుమ్మం మెట్టు మీద పాత పేపరు పరుచుకుని ఐలీన్ బార్లో తన భర్త బూట్లకు పట్టిన మట్టి గీకుతోంది. చేతిలో మొద్దుబారిన వెన్న చాకు. మామూలుగా అయితే ఆట ముగిసిన సాయంత్రమే, మట్టి ఇంకా తడిగా ఉండగానే ఈ పని అయిపోయేది. ఈసారి శనివారం నాటి బూట్లు బుధవారం దాకా బొగ్గుల కొట్టు మూల పడి ఉన్నాయి. వాటి వైపు చూడబుద్ధి కాలేదు ఆమెకు. ఇప్పుడు మట్టి ఎండి రాయిలా అయింది. చాకు ఆనించి నొక్కితే పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతోంది. ఆ పెచ్చుల్లో మైదానం గడ్డిపోచలు ఇరుక్కుని ఉన్నాయి, ఇంకా పచ్చగానే.

ఒక బూటు శుభ్రమైంది. తోలు ముడుచుకుపోకుండా లోపల కాగితం ఉండలు కూరాలి. పేపరు చివర చింపి నలపబోతే అందులో మెల్లర్ మొహం కనిపించింది. రోస్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ జట్టు మేనేజరు ఫ్రాంక్ మెల్లర్. ఫొటో కింద ఆయన అన్న మాటలు లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి: "ఇలాంటి మోటు ఆటకు నా క్లబ్బులో చోటు లేదు. బార్లో చేసిన పనికి నేను సిగ్గుపడుతున్నాను." ఐలీన్ ఆ మాటలు మళ్ళీ చదవలేదు. చదవక్కర్లేకుండానే ఆదివారం నుంచి చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. ఆ మొహాన్ని గట్టిగా నలిపి, వేలితో తోసి, బూటు ముక్కు దాకా దిగేలా కూరింది.

పక్కింటి పెగీ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తోంది.

"ఎందుకే అంత తోముడు? వాటితో ఇక పనేముంది?" అంది.

"పని లేకపోతే తోమకూడదా?"

"మా ఆయన అంటున్నాడు, మీ క్లిఫ్‌కి ఇంత కసి ఉందని ఎప్పుడూ అనుకోలేదట. ఇన్నేళ్ళూ గొర్రెపిల్ల అనుకున్నాం, లోపల కుక్క ఉందన్నమాట అని నవ్వుతున్నాడు."

"వీటికి నోరుంటే బాగుండేది పెగీ," అంది ఐలీన్, రెండో బూటు ఒళ్ళోకి తీసుకుంటూ. పెగీకి అర్థం కాలేదు. కాసేపు నిలబడి, చలి వేస్తోందని లోపలికి పోయింది.

శనివారం ఐలీన్ తన కళ్ళతో చూసింది. ఆటగాళ్ళ భార్యలకు స్టాండులో ఒక మూల చోటు ఉంటుంది, డైరెక్టర్ల కుర్చీలకు వెనక, స్తంభం అడ్డం వచ్చే చోట. పక్క ఊరు వెన్లీ జట్టుతో ఆట. ఆ రెండు ఊళ్ళకూ ఎప్పుడూ పడదు కాబట్టి జనం విరగబడి వచ్చారు. వెన్లీ వాళ్ళకు ఆ ఏడు కీత్ లోమాస్ అనే కుర్రాడు దొరికాడు. పంతొమ్మిదేళ్ళు. సన్నగా, చెవులు కాస్త బయటికి వచ్చి, బంతి కాలికి దారం కట్టుకున్నట్టు ఆడతాడు. అట్టడుగున ఉన్న నాలుగో డివిజన్ బురదలో అలాంటి పిల్లలు ఎక్కువ కాలం ఉండరు. పెద్ద క్లబ్బుల వాళ్ళు వచ్చి ఎగరేసుకుపోతారు. ఆ రోజు కూడా పెద్ద క్లబ్బుల నుంచి కోట్లు తొడుక్కున్న మనుషులిద్దరు వాణ్ణి చూడటానికే వచ్చి కూర్చున్నారని అందరికీ తెలుసు.

ఆట మొదలైంది. జనం చేతుల్లో టీ కప్పులు ఇంకా ఖాళీ కాలేదు. బంతి కీత్ దగ్గరికి వచ్చింది, వాడు దాన్ని ముందుకు పంపేశాడు కూడా. బంతి పోయాక పక్క నుంచి క్లిఫ్ వచ్చాడు, రెండు కాళ్ళూ నేల వదిలి. ఎండిన చెక్క విరిగినట్టు చప్పుడు మైదానం ఇవతల దాకా వినిపించింది. రిఫరీ పరిగెత్తుకొచ్చి క్లిఫ్‌ను బయటికి పొమ్మని చెయ్యి చూపించాడు. క్లిఫ్ అక్కడే నిలబడి ఉన్నాడు, కింద పడ్డ కుర్రాడి వైపు చూస్తూ. తర్వాత తల వంచుకుని నడిచి వచ్చాడు. అప్పుడు రోస్‌బెక్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఐలీన్ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఆమెను కోసేస్తున్నది ఆ చప్పట్లే.

క్లిఫ్ బార్లో పదిహేనో ఏట ఆటలోకి వచ్చాడు. వాళ్ళ ఊరి బొగ్గు గనిలోకి దిగకుండా తప్పించుకున్న ముగ్గురిలో ఒకడు. పెద్ద క్లబ్బు వాళ్ళు తీసుకున్నారు. అక్కడ నాలుగేళ్ళు పెద్దల బూట్లు కడిగాడు, స్టాండు కమ్మీలకు రంగు వేశాడు, మధ్య మధ్య బంతి ఆడాడు. చివరికి ఒక రోజు మేనేజరు గదికి పిలిచి చేయి కలిపి, "మంచి కుర్రాడివి, నీకు అంతా మంచే జరగాలి," అని పంపేశాడు. అక్కడి నుంచి మెట్లు దిగడమే. మూడో డివిజన్‌లో ఒక క్లబ్బు, నాలుగో డివిజన్‌లో రెండు, తర్వాత రోస్‌బెక్. ఇక్కడ ఎనిమిదో ఏడు నడుస్తోంది.

మైదానం నడిమధ్య ఆడేవాడి పని బయటివాళ్ళకు కనిపించదు. ఎదుటివాడి దగ్గర బంతి లాక్కోవాలి, ఆట తెలిసినవాడికి ఇచ్చెయ్యాలి, మళ్ళీ పరిగెత్తాలి. గోల్ కొట్టినవాణ్ణి అందరూ ఎత్తుకుంటారు. బంతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. క్లిఫ్ గురించి పత్రికలు రాసింది ఒకటే మాట, ఇన్నేళ్ళూ: నిజాయితీ గల ఆటగాడు. ఆటలో ఆ మాటకు అర్థం ఐలీన్‌కు పెళ్ళయిన ఏడాదే తెలిసింది. పెద్ద నైపుణ్యమేమీ లేదు గాని గాడిదలా కష్టపడతాడని. ఆమెకు మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఆ మాటనే దాచుకుంది. వేసవిలో ఇటుకల బట్టీ పనికి పోయి, ఎండాకాలం ముగిశాక మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకుని మళ్ళీ పరుగుకు దిగే మనిషికి వాళ్ళు ఇచ్చినదల్లా అదే. అంతకు ముందు ఒక్క రిఫరీ కూడా అతణ్ణి మైదానం నుంచి పంపలేదు. శనివారంతో ఆ ఒక్క మాటా పోయింది. పోయింది కాదు, ఎవరో లాక్కున్నారు. లాక్కున్నదెవరో ఆమెకు తెలుసు. నోరు విప్పి చెప్పేవాళ్ళే లేరు.

తెలియడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. శుక్రవారం సాధన అయి క్లిఫ్ ఆలస్యంగా వచ్చాడు. అందరూ వెళ్ళిపోయాక మెల్లర్ ఉండమన్నాడని మాత్రం చెప్పాడు. ఆ రాత్రి చేపా బంగాళదుంపలూ పెడితే ముట్టుకోలేదు. శుక్రవారం చేప ముట్టుకోని క్లిఫ్‌ను ఆమె ఎప్పుడూ చూడలేదు. కంచం ముందు కూర్చుని తన కాళ్ళ వైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

ఆదివారం అడిగింది. సోమవారం అడిగింది. మెల్లర్ ఏమన్నాడు అని. "ఏమీ అనలేదు," అన్నాడు మొదట. తర్వాత, "లోపల మాట," అన్నాడు.

ఆ రెండు ముక్కల తర్వాత ఇక మాట ఉండదు. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో అన్న మాట ఆ తలుపు దాటకూడదు. అది ఎక్కడా రాసి లేదు. రాసినవి తప్పినా తప్పుతారు గాని దీన్ని తప్పరు. లోపల తన్నుకున్నా, తిట్టుకున్నా, ఏడ్చినా బయటికి నవ్వుతూ వస్తారు. జట్టు గోల్‌కీపర్ సంసారం విడిపోయిన సంగతి క్లిఫ్‌కు ఏడాది ముందే తెలుసు. ఐలీన్‌కు మాంసం కొట్టులో తెలిసింది. మాట బయటపెట్టినవాడి పక్కన ఎవరూ కూర్చోరు. అతనికి బంతి ఇవ్వరు. ఇంకో ఊరి జట్టుకు పోయినా వాడి కంటే ముందే ఆ కబురు అక్కడికి చేరుతుంది. ఈ కట్టుబాటును ఐలీన్ ఇన్నేళ్ళూ గౌరవించింది. మగవాళ్ళు ఒకరికొకరు అండగా ఉండటం అనుకుంది. ఇప్పుడు చూస్తే ఆ తలుపు వెనక అండ దొరుకుతున్నది ఒక్కడికే, ఆ గది తాళం చేతిలో ఉన్నవాడికి.

ఊరేమీ క్లిఫ్‌ను వెలివెయ్యలేదు. వేసినా ఆమెకు ఇంత మంట ఉండేది కాదు. బస్సు కండక్టరు టికెట్టు ఇస్తూ కన్ను కొట్టాడు. మంగళవారం మాంసం కొట్టులో ఆమె అడిగింది కూరకు కొన్ని ముక్కలు మాత్రమే. ఇంటికొచ్చి పొట్లం విప్పితే లోపల మాంసం కూరిన లావుపాటి సాసేజీలు కూడా ఉన్నాయి, మంచి రకం. పొరపాటున పెట్టాడేమో అనుకుంది. కాసేపటికి కొట్టువాడు పొట్లం కడుతూ అన్న మాట గుర్తొచ్చింది: "మీ ఆయనకు బలం కావాలమ్మా, ఇలాంటి తన్నులు ఇంకా తన్నాలిగా." అప్పుడు అర్థమైంది. ఒక పిల్లాడి కాలు విరిచినందుకు బహుమానం. వాటిని వండబుద్ధి కాలేదు, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. చల్లటి అరలో మూతపెట్టి ఉంచింది.

రెండో బూటుకు చాకు పెట్టబోతుండగా ముందు తలుపు ఎవరో బాదారు.

ఆ వీధిలో ముందు తలుపు ఎవరూ వాడరు. పెళ్ళికూతురు బయటికి రావడానికి, శవపేటిక బయటికి పోవడానికి తప్ప దాన్ని తెరిచే అవసరం రాదు. మిగతా లోకమంతా వెనక సందులోంచే వచ్చిపోతుంది. తేమకు ఉబ్బి బిగుసుకుపోయిన ఆ తలుపును ఐలీన్ భుజంతో నెట్టి, కాలితో తన్ని, ఎలాగో లాగి తెరిచింది. ఎదురుగా మెల్లర్, గోధుమరంగు పొడుగాటి కోటులో. ఎనిమిదేళ్ళలో ఆ ఇంటికి రావడం ఇదే మొదలు, ఇల్లు ఆయన క్లబ్బుదే అయినా.

"చాకు కింద పెట్టమ్మా, నేను రిఫరీని కాదు," అన్నాడు నవ్వుతూ. ఆమె చేతిలో చాకు ఉన్న సంగతి ఆమెకే తెలియదు.

ముందు గదిలో కూర్చోబెట్టింది. అక్కడ నిప్పు లేదు. అతిథుల కుర్చీలు మంచులా చల్లగా ఉన్నాయి. మెల్లర్ చేతులు రుద్దుకుంటూ అటూ ఇటూ చూసి, "నిప్పెక్కడుంది? వంటింట్లోనా? మనలో మనకు మర్యాదలేంటి," అంటూ ఆమె పిలవకుండానే లోపలికి నడిచాడు. పొయ్యి పక్కన బనియను మీద ఉన్న క్లిఫ్ దిగ్గున లేచి నిలబడ్డాడు, బడిపిల్లాడిలా.

"కూర్చోరా అబ్బాయ్. ఇల్లు నీదేగా," అన్నాడు మెల్లర్.

ఐలీన్ టీ కాచింది. ఏమైనా తింటారా అని అడిగితే, ఉన్నదేదైనా పెట్టమన్నాడు. ఆమె అర తెరిచి సాసేజీలు బయటికి తీసింది. పెనం పెట్టి, వాళ్ళిద్దరికీ వీపు తిప్పి, వాటిని వేయించడం మొదలుపెట్టింది. ఆయన ఆ తర్వాత మాట్లాడినదంతా గదిలో మూడో మనిషి లేనట్టే మాట్లాడాడు.

ముందు క్లిఫ్ మోకాలి గురించి అడిగాడు. తర్వాత జట్టులో అందరూ క్లిఫ్‌ను తలుచుకుంటున్నారన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. శుక్రవారం ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు నగరంలో విచారణ పెట్టబోతున్నారు. వెన్లీ క్లబ్బువాళ్ళు ఊరుకునేలా లేరు. పెద్ద క్లబ్బుకు అమ్ముకోబోయే కుర్రాడు పోయాడని వాళ్ళ ఏడుపు. ఇది ముందే అనుకుని చేసిన పని అని వాళ్ళ వాదన. కాబట్టి క్లిఫ్ అక్కడ నిలబడి ఒకటే చెప్పాలి. పోయినసారి ఆటలో ఆ కుర్రాడు తనను ముసలోడా అని వెక్కిరించాడు, అది మనసులో పెట్టుకున్నాను, కోపంలో చేశాను, తప్పయింది అని. కొన్నాళ్ళు ఆటకు దూరంగా ఉండమంటారు. ఉంటాడు. వచ్చే ఏడు కుర్రాళ్ళ జట్టుకు ఆట నేర్పే పని క్లిఫ్‌దే. ఇల్లు కూడా ఎక్కడికీ పోదు.

"వాడు నన్నెప్పుడూ వెక్కిరించలేదు బాస్," అన్నాడు క్లిఫ్.

"అది నీకూ నాకూ తెలుసు. సంఘం వాళ్ళకెలా తెలుస్తుంది?"

మెల్లర్ టీ తాగి, మీసం తుడుచుకుని, ఇంకో సంగతి కూడా చెప్పాడు, నవ్వుకోవడానికన్నట్టు. ఆ కుర్రాడికి తండ్రి లేడు. తల్లి వెన్లీ బస్సు డిపో క్యాంటీన్‌లో పనిచేస్తుంది. ఆమె రోజూ క్లబ్బు ఆఫీసుకు ఫోన్ చేస్తోంది. తిట్టదు, డబ్బడగదు, ఏడవదు. ఒకటే అడుగుతుంది, మీ ఆటగాడు తనంతట తను చేశాడా, ఎవరైనా చెయ్యమన్నారా అని. అది తెలిస్తే ఇక ఫోన్ చెయ్యను అంటుంది. పొద్దున్న ఆస్పత్రిలో కొడుకు పక్కన, మధ్యాహ్నం పనిలో, ఆ రెండింటి మధ్య దొరికిన కాస్త సమయంలో ఈ ఫోన్. "ఆఫీసు పిల్ల నిన్న ఫోన్ పెట్టేసి ఏడ్చింది. పిచ్చిది. నేను ఇక ఎత్తొద్దన్నాను," అన్నాడు.

ఐలీన్ చేతిలో గరిట ఆగింది. మళ్ళీ కదిలింది.

"మీరేగా చెప్పారు బాస్," అన్నాడు క్లిఫ్. గొంతు పెంచలేదు. తల కూడా ఎత్తలేదు.

మెల్లర్‌కు కోపం రాలేదు. ఆశ్చర్యం మాత్రం వేసినట్టుంది. "చెప్పాను. కాదన్నానా? మొదట్లోనే వాణ్ణి మళ్ళీ లేవకుండా చెయ్యి అన్నాను. రేపు అవసరమొస్తే ఇంకొకడితో అంటాను. నేను ఆడే రోజుల్లో నాకూ చెప్పారు, నేనూ చేశాను, ఈ చేతుల్తోనే ఆస్పత్రికి పువ్వులు కూడా పంపాను. కానీ ఎక్కడన్నానురా ఆ మాట? లోపల. లోపల మాట లోపలే. పదిహేనేళ్ళ నుంచి ఆటలో ఉన్నావు, నీకు నేను కొత్తగా నేర్పాలా?"

"లేదు బాస్."

"అదీ."

ఐలీన్ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రొట్టె, సాసేజీలు, ఆవాల ముద్ద. మెల్లర్ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కడివమ్మా ఇవి? భలే ఉన్నాయి."

"మంచి రకమే. అసలు మీకే ఇవ్వాల్సింది, పొరపాటున మా ఇంటికొచ్చాయి," అంది.

ఆయన అది పొగడ్త అనుకుని తల ఊపాడు. అప్పుడు ఐలీన్ ఆయన ఎదురుగా నిలబడి, నడుముకు ముందు కట్టుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ, పేపరువాళ్ళతో సిగ్గుపడుతున్నానని అన్నారు కదా, దేనికి సిగ్గుపడుతున్నారు మెల్లర్ గారూ అని అడిగింది. మెల్లర్ నోట్లో ముక్క నములుతూ క్లిఫ్ వైపు చూశాడు, నీ పెళ్ళాన్ని నువ్వు చూసుకో అన్నట్టు. క్లిఫ్ చూసుకోలేదు.

"ఇది ఆట సంగతి తల్లీ," అన్నాడు మెల్లర్ చివరికి, మెత్తగా. "నీకెందుకు ఈ తలనొప్పి."

కంచం ఖాళీ చేసి, కోటు బొత్తాలు పెట్టుకుని, క్లిఫ్ భుజం తట్టి ఆయన వెళ్ళాడు. శుక్రవారం పొద్దున కారు పంపుతానన్నాడు. ముందు తలుపు ఆయన వెనక సరిగ్గా మూసుకోలేదు. సందులోంచి చల్లగాలి వంటింటి దాకా వస్తోంది.

క్లిఫ్ పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఐలీన్ కంచం తీసి తొట్టిలో పడేసింది. అది పగల్లేదు. పగిలితే బాగుండేదనిపించింది. ఇన్నేళ్ళలో ఆమె ఈ మనిషి మీద అరిచింది లేదు. ఇప్పుడు కూడా అరవలేదు. వెనక్కి తిరిగింది.

"ఆయన చెయ్యమన్నాడు. చేసింది మాత్రం నువ్వే," అంది.

"తెలుసు."

"కాళ్ళు నీవి. చెయ్యనని అనొచ్చుగా."

ఎప్పుడూ అనలేదు ఐలీన్, అన్నాడు క్లిఫ్. పదిహేనో ఏట బూట్లు కడగమంటే కడిగాను, రంగు వెయ్యమంటే వేశాను, మోకాలు వాచినా ఆడమంటే ఆడాను, పొమ్మంటే పోయాను. చెయ్యను అనే మాట నాకు ఎవరూ నేర్పలేదు. శుక్రవారం రాత్రంతా ఆ మాట ఎలా అనాలా అని చూశాను. పొద్దున్నే లేచి బూట్లు సర్దుకున్నాను.

తర్వాత అడగకుండానే ఇంకొకటి చెప్పాడు. కాలు విరిగాక ఆ కుర్రాడు అరవలేదట. పాలిపోయిన మొహంతో, పక్కనే పడ్డ క్లిఫ్ చొక్కా పట్టుకుని, "బంతి మావాళ్ళకే అందిందా?" అని అడిగాడట. రిఫరీ వచ్చేలోపు రెండుసార్లు అడిగాడట. "అందింది అని చెప్పాను. వాడు తల ఊపాడు," అన్నాడు క్లిఫ్, రెండు అరచేతులతో మొహం మూసుకుని.

ఐలీన్‌కు జాలి వేసింది. వేసినందుకు ఒళ్ళు మండింది. ఈ జాలి మీదే కదా వీళ్ళంతా బతుకుతున్నారు అనుకుంది. మెల్లర్ అనే మాట అంటాడు, క్లిఫ్ లాంటివాళ్ళు చేస్తారు, ఆడవాళ్ళు జాలిపడి బూట్లు తోమిపెడతారు. ఆ తల్లి మాత్రం ఎవరూ ఎత్తని ఫోన్ పట్టుకుని నిలబడుతుంది. ఆమె అడిగింది ఎంత చిన్న సంగతి. ఈ ఇంట్లో ఇప్పుడే, టీ చల్లారకముందే, ఆ మనిషి దానికి జవాబు చెప్పి వెళ్ళాడు.

"శుక్రవారం చెప్పు. ఉన్నది ఉన్నట్టు," అంది.

"చెప్పలేను."

"ఎందుకు?"

"నీకు తెలుసు ఎందుకో. మళ్ళీ ఎవడూ నన్ను పక్కన కూర్చోనివ్వడు. రోస్‌బెక్‌లోనే కాదు, ఎక్కడా. నాకు వేరే పని రాదు."

"ఆ పిల్లాడికి వచ్చా?"

ఐలీన్ గోడకు కొట్టిన మేకు మీది నుంచి తన కోటు తీసింది. పని బట్టల మీదే వేసుకుంది. తలకు గుడ్డ కట్టుకుంది. అద్దంలో చూసుకోలేదు.

"నువ్వు విన్నది మీ గదిలో విన్నావు. దాన్ని నీ దగ్గరే ఉంచుకో," అంది బొత్తాలు పెట్టుకుంటూ. "నేను విన్నది నా వంటింట్లో విన్నాను. నా పెనం ముందు నిలబడి విన్నాను."

అప్పుడు గాని క్లిఫ్‌కు అర్థం కాలేదు. కుర్చీలోంచి సగం లేచాడు. మొహంలో ఆమె ఎప్పుడూ చూడని భయం.

"ఐలీన్, ఇల్లు వాళ్ళది. పొమ్మంటారు. వారంలో పొమ్మంటారు."

ఆమె ఒకసారి చుట్టూ చూసింది. ఆమె చేత్తో సున్నం కొట్టిన గోడ. ఆరేసిన మేజోళ్ళు. పొయ్యి మీది ఇత్తడి గిన్నె, తోమి తోమి పలచబడినది. ఇవేవీ తనవి కావని ఆమెకు ఎప్పుడూ తెలుసు. అయినా ఇవాళ మెల్లర్ దర్జాగా నడిచొచ్చి నిప్పు ముందు కూర్చున్నప్పుడు, ఈ ఒక్క గది తనదేనని అనిపించింది.

వెనక గుమ్మానికి వెళ్ళి మెట్టు మీద ఉన్న రెండో బూటు తీసుకొచ్చింది. మట్టి అలాగే ఉంది. దాన్నీ, వెన్న చాకునూ క్లిఫ్ ముందు, మెల్లర్ కంచం పెట్టిన చోట, బల్ల మీద పెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు క్లిఫ్. అడగక్కర్లేదు. వెన్లీ బస్సు ఆగేది ముందు వీధి చివరే. అది వెళ్ళి నిలిచేది ఆ డిపోలోనే. మధ్యాహ్నం పనికి ఆ తల్లి క్యాంటీన్‌కు వచ్చే వేళైంది.

ఐలీన్ వెనక సందు వైపు పోలేదు. చల్లటి గదిలోంచి, ఎవరూ కూర్చోని కుర్చీల మధ్య నుంచి నడిచి, సరిగ్గా మూసుకోని ముందు తలుపును లాగి తెరుచుకుని బయటికి వెళ్ళిపోయింది.